కిస్తీ అంతా ఖర్చు కాదు, బండి తరుగుదల మాత్రం ఖర్చే

ప్రశ్న: అయ్యా, నేను హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతాను. ఆరేళ్లు ఒక ట్రావెల్స్‌లో జీతానికి నడిపాక, 2025 ఏప్రిల్ మొదట్లో సొంత బండి కొన్నాను. రిజిస్ట్రేషన్‌తో కలిపి 9 లక్షలైంది. 2 లక్షలు నేను పెట్టుకున్నాను, 7 లక్షలు బ్యాంకు అప్పు. అయిదేళ్లపాటు నెలకు 14,873 రూపాయల కిస్తీ. మే నుంచి మార్చి వరకు 11 కిస్తీలు కట్టాను. యాప్‌లో తిప్పుతాను, ఒక కంపెనీ ఉద్యోగులను తీసుకెళ్తాను, తెలిసినవాళ్లు పిలిస్తే తిరుపతి, శ్రీశైలం వెళ్తాను. 2026 మార్చి ఆఖరు వరకు బ్యాంకుకు, చేతికి కలిపి దాదాపు 9 లక్షల 30 వేలు వచ్చింది. బండి 60 వేల కిలోమీటర్లు తిరిగింది. సంక్రాంతికి మా ఊరు, మధ్యలో రెండుసార్లు అత్తగారి ఊరు కూడా ఇదే బండిలో వెళ్లాం.

మెల్‌బోర్న్‌లో లారీ నడిపే మా తమ్ముడు చలువ కళ్లద్దాలు, ఫోను, భోజనం కూడా పన్ను లెక్కలో ఖర్చుగా రాస్తాడట. నేను ఏమేమి రాయవచ్చు? కిస్తీ మొత్తం రాయవచ్చా? ట్రాఫిక్ చలాన్లు, నా తిండి ఖర్చు సంగతి ఏమిటి? మా స్టాండు దగ్గరకు వచ్చే ఒక ఏజెంటు 3 వేలు ఇస్తే 25 వేలు రిఫండ్ తెప్పిస్తానంటున్నాడు. వచ్చే ఏడాది రెండో బండి కొని డ్రైవర్ను పెట్టుకోవాలని ఉంది. బ్యాంకువాళ్లు రిటర్నులు చూపించమన్నారు. దారి చెప్పగలరు. — ఒక క్యాబ్ డ్రైవర్, హైదరాబాద్

సమాధానం: సోదరా, మీరు లెక్కలతో సహా రాశారు కాబట్టి నేనూ లెక్కలతోనే జవాబు చెప్పగలుగుతున్నాను. ముందుగా మీ మనసు కుదుటపడే మాట. 2025-26 ఆర్థిక సంవత్సరానికి మీరు కట్టవలసిన ఆదాయపు పన్ను సున్నా. ఖర్చులన్నీ పద్ధతిగా రాసినా సున్నాయే, సగం మరిచిపోయినా సున్నాయే. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు ఆదాయం మీద పన్ను లేదు. రిబేటుతో 12 లక్షల దాకా మినహాయింపు దొరుకుతుంది. ఒక్క బండి నడుపుకునే మనిషి మిగులు అంత దూరం వెళ్లదు.

అలాంటప్పుడు ఈ ఖర్చుల లెక్క ఎందుకని మీరు అడగవచ్చు. నా అనుభవంలో డ్రైవర్ సోదరులకు ఈ లెక్క అవసరం పన్ను తగ్గించుకోవడానికి కాదు. తమ బండి తమకు ఎంత మిగులుస్తోందో తెలుసుకోవడానికి, ఆ సంగతి బ్యాంకుకు నమ్మకంగా చూపించడానికి. కాగితం లేకపోవడం వల్లే ఎంతోమంది బ్యాంకు గడప తొక్కలేక ప్రైవేటు ఫైనాన్సులో ఎక్కువ వడ్డీకి బండ్లు తెచ్చుకుంటున్నారు. వాళ్లు ఏటా వడ్డీ రూపంలో పోగొట్టుకునేది ఏ పన్నూ తీసుకోనంత డబ్బు. ఆ బాధతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ తమ్ముడి సంగతి చెబుతాను. ఆయన ఆస్ట్రేలియాలో ఉద్యోగి. అక్కడి చట్టం ఉద్యోగికి కూడా పనికి సంబంధించిన ఖర్చులను జీతంలోంచి తీసివేసుకునే హక్కు ఇస్తుంది. సొంత డబ్బుతో కొని ఉండాలి, యజమాని తిరిగి ఇచ్చి ఉండకూడదు, పనితో నేరుగా సంబంధం ఉండాలి, రుజువు ఉండాలి. ఎండకు ఎదురుగా గంటల తరబడి నడిపేవాడు కాబట్టి చలువ కళ్లద్దాలకు ఒప్పుకుంటారు. ఫోనులో పనికి వాడిన వంతు రాసుకోవచ్చు. మామూలు లైసెన్సు ఖర్చు కుదరదు కానీ, ఉన్న ఉద్యోగంలో భారీ వాహనం నడపడానికి లైసెన్సు స్థాయి పెంచుకుంటే ఆ ఖర్చు రాసుకోవచ్చు. భోజనం మాత్రం మీరు అనుకున్నట్టు రోజూ రాసేది కాదు. పని మీద ఇంటికి దూరంగా రాత్రి బస చేయవలసి వచ్చినప్పుడో, యజమాని ఓవర్‌టైం భోజన భత్యం ఇచ్చినప్పుడో ఆ భోజనానికే వర్తిస్తుంది. ఈ రుజువులన్నీ అయిదేళ్లు దాచాలి.

మన దగ్గర ఉద్యోగికి ఆ హక్కు లేదు. మీరు ట్రావెల్స్‌లో జీతానికి నడిపిన ఆరేళ్లూ మీ బూట్లు, ఫోను, టీ ఖర్చు ఏదీ పన్ను లెక్కలోకి రాలేదు. జీతగాళ్లందరికీ ఒకే ప్రామాణిక తగ్గింపు ఉంది: పాత విధానంలో 50 వేలు, కొత్త విధానంలో 2024-25 నుంచి 75 వేలు. ఈ మాట చదువుతున్న ఆర్టీసీ, ట్రావెల్స్ డ్రైవర్లకు కూడా చెబుతున్నాను. బయటి ఊళ్లకు డ్యూటీ మీద వెళ్లినప్పుడు యజమాని ఇచ్చే రోజువారీ బత్తాలో నిజంగా ఖర్చయినంత వరకు పన్ను ఉండదు. రోజువారీ బత్తా కాకుండా, బండి నడిపే సమయంలో సొంత ఖర్చులకని రవాణా సంస్థ ఇచ్చే భత్యంలో 70 శాతం, నెలకు 10 వేలు మించకుండా, మినహాయింపు ఉంది. కానీ అది పాత విధానం ఎంచుకున్నవారికే.

ఇప్పుడు మీరు ఉద్యోగి కారు. పసుపు నంబరు ప్లేటు వేసుకున్న రోజు నుంచి మీది వ్యాపారం. తమ్ముడి కంటే మీకే ఎక్కువ ఖర్చులు రాసుకునే వీలుంది. ఆయన తన యజమాని లారీ టైరు ఖర్చు రాయలేడు, మీరు మీ టైరు ఖర్చు రాయగలరు. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు పడుతున్నారు. కొత్త పన్ను విధానంలో తగ్గింపులు ఏవీ ఉండవట కదా, ఖర్చులు రాసి ఏం లాభం అంటారు. కొత్త విధానంలో తీసేసినవి బీమా ప్రీమియం, పిల్లల ఫీజుల వంటి సొంత తగ్గింపులు. వ్యాపారం నడపడానికి అయిన ఖర్చు అలాంటిది కాదు. అది పోయాక మిగిలిందే ఆదాయం. డీజిలైనా, సీఎన్‌జీ అయినా, టైర్లయినా, తరుగుదల అయినా ఏ విధానంలోనైనా రాసుకోవచ్చు.

లెక్క మొదలుపెట్టవలసింది ఖర్చు వైపు నుంచి కాదు, రాబడి వైపు నుంచి. మీరు 9,30,000 వచ్చిందన్నారు. అది యాప్ తన కమీషన్ పట్టుకున్నాక మీకు అందిన డబ్బు. చట్టం దృష్టిలో మీ రాబడి అంటే బండి ఎక్కినవాళ్లు చెల్లించిన మొత్తం. మీరు పంపిన యాప్ నెలవారీ పట్టీలు కూడి చూశాను. ప్రయాణికులు చెల్లించింది 8,20,000, యాప్ పట్టుకున్నది 1,50,000. కంపెనీ డ్యూటీ 1,20,000, సొంత గిరాకీలు 1,40,000. అన్నీ కలిపితే 10,80,000. రాబడి దగ్గర ఇంత మొత్తమూ రాసి, కమీషన్ 1,50,000 ఖర్చుల్లో చూపాలి. చివరి మిగులు ఒకటే అయినా ఇలా రాయడానికి బలమైన కారణం ఉంది. యాప్ సంస్థ మీ పాన్ మీద టీడీఎస్, అంటే చెల్లింపులోంచి ముందే పట్టుకునే పన్ను, కట్టేటప్పుడు మొత్తం ఛార్జీనే లెక్కలోకి తీసుకుంటుంది. మీ పేరు మీద వచ్చిన రాబడిని, జమైన పన్నును చూపే పన్ను శాఖవారి 26ఏఎస్, ఏఐఎస్ పట్టీల్లో పెద్ద అంకె కనిపిస్తుంటే, మీ రిటర్నులో చిన్న అంకె ఉంటే కంప్యూటరే తేడా పట్టుకుని మీకు నోటీసు పంపుతుంది. తప్పు చేయకపోయినా సంజాయిషీ చెప్పుకోవలసిన పరిస్థితి వస్తుంది.

తిరుపతి ట్రిప్పుల్లో పార్టీ ఇచ్చే డ్రైవర్ బత్తా కూడా రాబడే. అది నా తిండికి ఇచ్చింది కదా అని పక్కన పెట్టేస్తారు. మీరే యజమాని, మీరే డ్రైవర్ కాబట్టి అది మీ వ్యాపారానికి వచ్చిన డబ్బే. టోలు డబ్బు పార్టీ విడిగా ఇస్తే రాబడిలో చూపి, ఫాస్టాగ్‌లో పోయినదాన్ని ఖర్చులో చూపండి. లేదంటే రెండు చోట్లా వదిలేయండి. ఒకవైపే రాస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న, కిస్తీ. మొత్తం రాయకూడదు. కిస్తీలో రెండు పాళ్లున్నాయి: వడ్డీ ఒకటి, అసలు ఒకటి. వడ్డీ ఖర్చు. అసలు అప్పు తీర్చడం, అది ఖర్చు కాదు. మీరు కట్టిన 11 కిస్తీల మొత్తం 1,63,603. పది శాతం వడ్డీ లెక్కన అందులో వడ్డీ దాదాపు 60 వేలు, అసలు దాదాపు 1,03,700. కచ్చితమైన అంకెల కోసం బ్యాంకును వడ్డీ ధ్రువపత్రం అడగండి, ఇస్తారు. కిస్తీ అంతా ఖర్చులో రాసి తరుగుదల కూడా రాసినవాళ్లను చూశాను. అంటే బండి ధరను రెండుసార్లు తీసివేసినట్టు. తెలియక చేసినా అది తప్పే.

అసలు ఖర్చు కాకపోతే మరి నా 9 లక్షలు ఏ లెక్కలోకి పోయినట్టు? దానికి జవాబే తరుగుదల. బండి ఏటా అరుగుతుంది, ఆ అరుగుదలను చట్టం ఖర్చుగా ఒప్పుకుంటుంది. సొంత వ్యాపార పనులకు వాడుకునే కారుకు ఏడాదికి 15 శాతం. మీలాగా అద్దెకు తిప్పే టాక్సీలకు, లారీలకు, బస్సులకు 30 శాతం. పగలు రాత్రి తిరిగే బండి త్వరగా అరుగుతుందని చట్టానికి తెలుసు. మీ బండికి మొదటి ఏడాది 2,70,000. రెండో ఏడాది మిగిలిన 6,30,000 మీద 30 శాతం, అంటే 1,89,000. మూడో ఏడాది 4,41,000 మీద 1,32,300. ఏటా మిగిలిన విలువ మీదే లెక్కిస్తారు కాబట్టి అంకె తగ్గుతూ పోతుంది. మీరు ఏప్రిల్‌లోనే బండిని డ్యూటీలో పెట్టారు, మంచిదైంది. ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకంటే తక్కువ వాడితే ఆ ఏడాదికి సగం తరుగుదలే వస్తుంది. దసరాకు బండి కొనేవాళ్లు కాస్త రోజులు లెక్కపెట్టుకోవాలి.

తరుగుదల ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంకో మాట. అప్పు లేకుండా సొంత డబ్బుతో బండి కొన్నవాడికీ ఇదే తరుగుదల వస్తుంది. మీ 9 లక్షల్లో 2 లక్షలు మీవి, 7 లక్షలు బ్యాంకువి అన్న తేడా ఇక్కడ లేదు. మొత్తం 9 లక్షల మీదే లెక్క. షోరూం బిల్లు, రిజిస్ట్రేషన్ రసీదు భద్రంగా పెట్టుకోండి. మొదటి ఏడాది బీమా మాత్రం బండి ధరలో కలపకుండా ఆ ఏడాది ఖర్చుగానే రాయాలి.

ఇక ఊరి ప్రయాణాలు. సంక్రాంతికి, అత్తగారింటికి తిరిగిన కిలోమీటర్లు వ్యాపారానివి కావు. మీరు రాసి పంపిన వివరాల ప్రకారం అవి 3 వేలు. 60 వేలలో 3 వేలంటే 5 శాతం. బండికి సంబంధించిన ఖర్చులన్నిటిలో 5 శాతం సొంత వాడకంగా తగ్గించి రాయాలి. తరుగుదలలోనూ అంతే. ఎవరు చూస్తారులే అనకండి. ఈ 5 శాతం మీ అంతట మీరే తగ్గించి చూపిస్తే మిగతా 95 శాతం నిజమైన లెక్కని రిటర్ను చూసే అధికారికి అర్థమవుతుంది. యాప్ ఆన్ చేసి గిరాకీ కోసం ఖాళీగా తిరిగిన దూరం, ప్రయాణికుడిని దింపాక ఖాళీగా వెనక్కి వచ్చిన దూరం వ్యాపారానివే. వాటిని తగ్గించుకోనక్కరలేదు.

మిగతావి త్వరగా చెబుతాను. ఇంధనం, సర్వీసింగు, టైర్లు, పంక్చర్లు, బీమా, పర్మిట్, రోడ్డు పన్ను, బండి కడిగించిన ఖర్చు, డ్యూటీలో కట్టిన టోలు, పార్కింగ్, యాప్ కమీషన్, రోజువారీ ప్లాన్ రుసుము ఉంటే అది, ఇవన్నీ రాయవచ్చు. ఫోను రీఛార్జిలో డ్యూటీకి వాడిన వంతు రాయవచ్చు. ఇంట్లో వేరే ఫోను ఉండి, ఇది పూర్తిగా యాప్ కోసమే అయితే మొత్తం రాసుకోండి. డ్యూటీ కోసమే కుట్టించిన ఖాకీ యూనిఫాం రాయడం సబబే. మామూలు చొక్కా, చలువ కళ్లద్దాలు సొంత ఖర్చు కిందికే వస్తాయి. మీ రోజువారీ భోజనం కూడా అంతే, ఇంట్లో ఉన్నా తినేదే కదా. తిరుపతిలో పార్టీని దింపి రాత్రి ఉండవలసి వచ్చి గది తీసుకుంటే ఆ అద్దె రసీదుతో సహా రాయండి. మీ శ్రమకు మీరే జీతం ఇచ్చుకున్నట్టు రాసుకోకూడదు. ఎల్‌ఐసీ ప్రీమియం, ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఈ లెక్కలో ఉండకూడదు.

ట్రాఫిక్ చలాన్లు రాయకూడదు. చట్టం నిషేధించిన పని చేసినందుకు పడిన జరిమానాను వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరని ఆదాయపు పన్ను చట్టంలోనే ఉంది. ఎక్కించుకునే చోట ఆపితే నో పార్కింగ్ అంటారు, ఆపకపోతే గిరాకీ పోతుంది. మీ కష్టం నాకు తెలుసు. అయినా నియమం అదే. మెల్‌బోర్న్‌లో మీ తమ్ముడికీ అదే నియమం.

మెకానిక్కు గానీ, టైర్ల దుకాణానికి గానీ ఒకే రోజులో ఒకే మనిషికి 10 వేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును ఒప్పుకోరు. ఇంజను పని, టైర్ల సెట్టు లాంటి పెద్ద బిల్లులకు ఫోను ద్వారా చెల్లించండి. డబ్బు చెల్లించినట్టు బ్యాంకులో ఆనవాలు కూడా మిగులుతుంది.

ఇప్పుడు మీ అంకెలన్నీ ఒకచోట పెడతాను. మీ పట్టీ ప్రకారం ఇంధనం 2,80,000, సర్వీసింగు, టైర్లు 60 వేలు, బీమా 48 వేలు, పర్మిట్, రోడ్డు పన్ను వగైరా 12 వేలు, కడిగించినది 10 వేలు, వడ్డీ 60 వేలు. ఇవి 4,70,000. తరుగుదల 2,70,000 కలిపితే 7,40,000. ఇందులో సొంత వాడకం 5 శాతం, అంటే 37 వేలు తీసేస్తే 7,03,000. దీనికి కమీషన్ 1,50,000, డ్యూటీ టోలు, పార్కింగ్ 36 వేలు, ఫోను 4 వేలు కలపాలి. మొత్తం ఖర్చు 8,93,000. రాబడి 10,80,000 నుంచి తీసేస్తే పన్ను లెక్కలో మీ లాభం 1,87,000.

ఇంతకంటే తేలికైన దారి కూడా ఒకటుంది. అంచనా ఆదాయ పద్ధతి, సెక్షన్ 44ఏడీ. ఖర్చుల పట్టీ లేకుండానే, బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా వచ్చిన రాబడిలో 6 శాతం, నగదుగా వచ్చినదానిలో 8 శాతం లాభమని ఒప్పుకుంటే సరిపోతుంది. రాబడి 2 కోట్ల లోపు ఉన్న చిన్న వ్యాపారులకు ఇది వర్తిస్తుంది. మీకు నగదు 2,80,000, మిగతాది 8 లక్షలు. లెక్కిస్తే 22,400, 48 వేలు, కలిపి 70,400. ఐటీఆర్-4 అనే చిన్న ఫారంతో పని అయిపోతుంది. సరకు రవాణా లారీలవారికి విడిగా 44ఏఈ ఉంది. పదికి మించకుండా బండ్లున్నవారు మామూలు సరకు బండికి నెలకు 7,500 చొప్పున, 12 టన్నులు మించిన భారీ బండికి టన్నుకు నెలకు వెయ్యి చొప్పున ఆదాయం చూపాలి. మీది ప్రయాణికుల బండి కాబట్టి అది మీకు వర్తించదు.

తేలిక అని 70,400 చూపించేస్తే ఏమవుతుందో ఆలోచించండి. పన్ను రెండు దారుల్లోనూ సున్నాయే. కానీ ఏడాదికి 70 వేల ఆదాయం చూపించినవాడికి ఏ బ్యాంకు రెండో బండికి అప్పు ఇస్తుంది? నెలకు 6 వేలు కూడా రాని ఇంట్లోంచి 15 వేల కిస్తీ ఎలా కడతారని అడుగుతారు. అలా అడగడం న్యాయమే. ఈ పద్ధతిలో 6, 8 శాతాలకంటే ఎక్కువ లాభం చూపడానికి చట్టం ఒప్పుకుంటుంది. అయినా మీకు నేను చెప్పేది లాభనష్టాల పట్టీతో ఐటీఆర్-3 వేయించుకోమని. అందులో 1,87,000 లాభంతోపాటు 2,70,000 తరుగుదల విడిగా కనిపిస్తుంది. తరుగుదల చేతి నుంచి పోయిన డబ్బు కాదని బ్యాంకువాళ్లకు తెలుసు. దాన్ని తిరిగి కలుపుకుని మీరు అప్పు తీర్చగల శక్తిని లెక్కిస్తారు. మీ లాభం రాబడిలో 17 శాతం దాకా ఉంది కాబట్టి ఆడిట్ బెడద కూడా లేదు.

ఒక జాగ్రత్త. 44ఏడీలోకి ఒకసారి వెళ్లి, తర్వాతి అయిదేళ్లలో ఎప్పుడైనా బయటికి వస్తే మళ్లీ అయిదేళ్లు అందులోకి రానివ్వరు. అంతేకాదు, ఆ పద్ధతిలో ఉన్నన్నాళ్లూ తరుగుదల వాడేసుకున్నట్టే లెక్క. మూడేళ్ల తర్వాత ఖర్చులన్నీ రాసి చూపే పుస్తకాల పద్ధతికి మారితే మీ బండి విలువ 9 లక్షలని మొదలుపెట్టలేరు. ఏటా మారడం కాకుండా ఒక దారి ఎంచుకుని దాంట్లోనే నడవండి.

ఏజెంటు మాటకు వస్తున్నాను. మీరు పంపిన 26ఏఎస్ పట్టీలో రెండే టీడీఎస్ పద్దులున్నాయి. యాప్ సంస్థ 8,20,000 మీద 0.1 శాతం, అంటే 820 రూపాయలు. కంపెనీ 1,20,000 మీద ఒక శాతం, అంటే 1,200. మొత్తం 2,020. మీ పేరు మీద ప్రభుత్వానికి చేరిన పన్ను అంతే. చేరని డబ్బు తిరిగి రాదు. 25 వేలు ఎక్కడి నుంచి తెస్తాడు? 3 వేలు తీసుకుని మీకు దక్కవలసిన 2,020 తెప్పించినా మీకు నష్టమే. ఇలాంటివాళ్లు చేసేది నాకు బాగా తెలుసు. ఇవ్వని విరాళాలు, లేని వైద్య ఖర్చులు రాసేస్తారు, తమ ఈమెయిల్, తమ ఫోను నంబరు పెట్టేస్తారు. నోటీసు వచ్చినా మీకు తెలియదు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా ఇలాంటి దొంగ తగ్గింపుల మీద తనిఖీలు జరిపింది. అప్పుడు జవాబు చెప్పవలసి వచ్చేది పాన్ ఎవరిదో వాళ్లే. మీ లాగిన్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. మీ ఆదాయం 4 లక్షల లోపే కాబట్టి రిటర్ను వేయడం తప్పనిసరి కాదు. కానీ ఆ 2,020 తిరిగి రావాలన్నా, బ్యాంకుకు కాగితం చూపాలన్నా వేయాలి. గడువులోగా వేసి, 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయండి. వెరిఫై చేయని రిటర్ను వేయనట్టే.

ఇక్కడ నేను చెప్పిన సెక్షన్లు 1961 నాటి చట్టంలోవి. 2025-26 ఆదాయానికి ఆ చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి మొదలైన ఆదాయానికి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది, సెక్షన్ల అంకెలు మారాయి. వచ్చే ఏడాది ఎవరైనా వేరే సెక్షన్ చెబితే కంగారు పడకండి.

లెక్క రాసుకోవడానికి కంప్యూటర్ అక్కరలేదు. మా నాన్న లారీ నడిపేవారు. డ్యాష్‌బోర్డు మీద చిన్న నోటు పుస్తకం ఉండేది, తేదీ, కిలోమీటరు అంకె, పోయించిన డీజిలు, దారి ఖర్చు. నేను లెక్కలు నేర్చుకున్నది ఆ పుస్తకంలోంచే. మీరూ రోజూ బండి ఆపేటప్పుడు మీటరు అంకె, నగదుగా వచ్చింది, నగదుగా పోయింది, ఈ మూడే రాయండి. మిగతావన్నీ యాప్ పట్టీలో, ఫాస్టాగ్ పట్టీలో, బ్యాంకు పట్టీలో ఉంటాయి. నెలకొకసారి వాటిని దించుకుని దాచండి. కొన్ని నెలలు పోయాక పాత పట్టీలు యాప్‌లో దొరకకపోవచ్చు. బంకు రసీదుల మీద అచ్చు ఎండకు మాసిపోతుంది, ఫోటో తీసి పెట్టుకోండి. కనీసం ఆరేళ్లు ఉంచండి.

చివరిగా రెండో బండి. ఇది పన్ను ప్రశ్న కాకపోయినా మీ లెక్కలోనే దీనికి జవాబు ఉంది. తరుగుదలను పక్కన పెట్టి చేతి డబ్బు చూద్దాం. రాబడి 10,80,000, తరుగుదల కాకుండా ఖర్చులు 6,60,000, మిగిలింది 4,20,000. అందులో అసలు కింద బ్యాంకుకు పోయింది 1,03,700. ఇంటికి వచ్చింది 3,16,300, నెలకు 26 వేల చిల్లర. ఇదే బండికి నెలకు 18 వేల జీతంతో డ్రైవర్ను పెట్టారనుకోండి, ఏడాదికి 2,16,000. ఆ జీతం, బయటి ఊళ్లకు ఇచ్చే బత్తా మీకు ఖర్చుగా రాసుకునే వీలుంది. కానీ మిగిలేది దాదాపు లక్ష, నెలకు 8 వేల చిల్లర. అదీ ఆయన మీరు తిప్పినంతా తిప్పి, మీరు చూసుకున్నంత జాగ్రత్తగా బండిని చూసుకుంటే. ఆయన ఒక నెల రాకపోతే ఆ నెల 14,873 కిస్తీ మీ మొదటి బండి సంపాదనలోంచి కట్టాలి. అంటే రెండో బండి దాదాపు రెండు నెలల మిగులు ఆ ఒక్క నెలలోనే పోతుంది. మీ ఇప్పటి అప్పులో సగం తీరేది మూడో ఏడాది చివర్లో. ఆ ఏడాది రిటర్ను కూడా వేశాక మీ చేతిలో మూడు రిటర్నులు, మూడేళ్ల లెక్కలు ఉంటాయి. బ్యాంకు దగ్గర వడ్డీ తగ్గించమని అడిగే స్థితిలో ఉంటారు. అప్పటిదాకా ఆగమని నా సలహా.